బహువిధ క్రీడలలో ప్రతిభను కొలిచే తీరు

పరీక్షా ఫలితాలు వెలువడిన నాడు మన ఇళ్ళలో ఏమి జరుగుతుందో పాఠకులందరికీ అనుభవమే. మొత్తం మార్కులు విని ఎవ్వరూ ఊరుకోరు. లెక్కలలో ఎన్ని వచ్చినవి, ఇంగ్లీషులో ఎన్ని వచ్చినవి, ఏ పేపరు ముంచినది, ఏ పేపరు గట్టెక్కించినది అని తండ్రి అడుగుతాడు, మేనమామ అడుగుతాడు, తుదకు పొరుగింటివారు కూడా అడుగుతారు. మార్కుల మెమోను అడ్డంగానూ నిలువుగానూ చదవడంలో మనవారికి గల నేర్పు అసామాన్యమైనది. కాని అదే ఇంటి కుర్రవాడు ఆటల పోటీలో పాల్గొని వస్తే, "ఎన్నోవాడివి వచ్చినావు?" అన్న ఒకే ఒక్క ప్రశ్నతో విచారణ సమాప్తమవుతుంది. మూడవ స్థానమైతే టీ, బిస్కెట్లు. నాలుగవ స్థానమైతే మౌనం. ఈ వ్యత్యాసాన్ని గురించి మేము కొంతకాలంగా ఆలోచిస్తున్నాము. ముఖ్యంగా, ఒకే పోటీలో అనేక అంశాలు కలగలిసి ఉండే క్రీడల విషయంలో మన అంచనా పద్ధతి మిక్కిలి లోపభూయిష్ఠంగా ఉన్నదని మా అభిప్రాయం.

ఇప్పుడీ ప్రసక్తి ఎందుకు వచ్చినదంటే, మన పట్టణంలో వ్యాయామశాలలకు వెళ్ళే యువకుల నోట ఈ మధ్య హైరాక్స్ అనే మాట తరచుగా వినవస్తున్నది. ఇది 2017లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో పుట్టిన పోటీ. దీని స్థాపకులిద్దరిలో ఒకరైన మోరిట్జ్ ఫ్యూర్‌స్టె జర్మనీ హాకీ జట్టులో ఆడి 2008, 2012 ఒలింపిక్స్‌లలో స్వర్ణం గెలిచినవాడు. 2025 మే నెలలో ముంబయిలో జరిగిన పోటీతో ఇది మన దేశంలో కాలుపెట్టినది. పద్ధతి వినడానికి సులభమే. ఒక కిలోమీటరు పరుగెత్తాలి, ఒక బరువు పని చేయాలి. మళ్ళీ కిలోమీటరు, మళ్ళీ ఇంకొక పని. ఈ విధంగా ఎనిమిది పరుగులు, ఎనిమిది పనులు. మొదటినుండి చివరివరకు గడియారం ఆగదు.

ఆ పనులను చూస్తే మనకు కొత్తగా తోచేవి కొన్ని, పాతవిగా తోచేవి కొన్ని. తాళ్ళు లాగే యంత్రం మీద వెయ్యి మీటర్లు, పడవ తెడ్డు వేసినట్లు లాగే యంత్రం మీద మరొక వెయ్యి మీటర్లు. ఇవి మనకు కొత్త. బరువులు పేర్చిన ఇనుప బండిని చక్రాలు లేకుండా తివాచీ మీద 50 మీటర్లు నెట్టడం, ఆ తరువాత అటువంటి బండినే తాటితో 50 మీటర్లు లాగడం. సాధారణ విభాగంలో పురుషులు నెట్టవలసినది బండితో కలిపి 152 కిలోలు, స్త్రీలు నెట్టవలసినది 102 కిలోలు. బోర్లా పడుకొని లేచి ముందుకు దూకుతూ 80 మీటర్లు. రెండు చేతులలో రెండు బరువులు పట్టుకొని 200 మీటర్లు నడక. ఇది మాత్రం మన ఆడపడుచులు బోరింగు దగ్గరనుండి బిందెలు మోసిన నడకకు అచ్చమైన చుట్టం. ఇసుక సంచి భుజాన వేసుకొని మోకాలు నేలకు తాకిస్తూ 100 మీటర్లు. మార్కెట్ యార్డులో హమాలీ సోదరులు ఎన్ని సంచులు ఏ ఎత్తుకు వేస్తారో చూచినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. చిట్టచివరి పని, బరువైన బంతిని గోడమీది గురికి నూరుసార్లు విసరడం.

దక్కను పట్టణాలలోని తాలీంఖానాలను ఎరిగిన పెద్దలు ఇది విని చిరునవ్వు నవ్వుతారు. దండీలు, బైఠకీలు, ముగ్దరు తిప్పడం, అఖాడా మట్టిని తవ్వడం ఇవన్నీ కలగలిపి చేసినవారికి ఈ జర్మనీ సరుకు మరీ విదేశీయంగా కనిపించదు. తాలీంలో లేనిదీ, ఇక్కడ ఉన్నదీ ఒక్కటే. అది గడియారం. ఎవడు బలవంతుడో తాలీంలో కుస్తీ తేల్చేది, ఇక్కడ సెకన్ల ముల్లు తేలుస్తుంది. ముల్లు నిమిషాలు చెబుతుందే కాని ఆ నిమిషాలకు అర్థం చెప్పదు. అర్థం మనమే తీయాలి.

ఉదాహరణకు ఇద్దరు యువకులను ఊహించుకుందాము. ఇద్దరూ సరిగ్గా 90 నిమిషాలలో పోటీ ముగించినారు. పతకాల బల్ల దగ్గర వీరిద్దరూ సమానులు. కాగితం తెరిచి చూద్దాము. మొదటివానికి ఎనిమిది పరుగులకు 48 నిమిషాలు పట్టినవి, ఎనిమిది పనులకు 34 నిమిషాలు పట్టినవి, ఒక చోటినుండి ఇంకొక చోటికి చేరుకోవడం, నీళ్ళు త్రాగడం, ఊపిరి పీల్చుకోవడం వగైరాలకు 8 నిమిషాలు. రెండవవానికి పరుగులకు 42, పనులకు 43, మధ్య ఖర్చు 5. ఇప్పుడు వీరిద్దరినీ సమానులని అనగలమా? మొదటివాడు ఎద్దువంటివాడు, కాని పరుగు లేదు. పైగా ఎనిమిది నిమిషాలు దారిలో పారబోసుకున్నాడు. రెండవవాడు లేడివంటివాడు, బండి దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయినాడు. ఇద్దరికీ ఒకే శిక్షణ ఇచ్చే గురువు ఇద్దరినీ చెడగొడతాడు. మొదటివాడు ఇంకా బరువులెత్తితే వ్యర్థం. రెండవవాడు ఇంకా పరుగెత్తితే వ్యర్థం. మొదటివాడు మధ్యకాలాన్ని ఎనిమిదినుండి ఐదు నిమిషాలకు తగ్గించుకుంటే, ఒక్క కండ అదనంగా పెంచకుండానే మూడు నిమిషాలు మిగులుతాయి. 90 నిమిషాలన్న అంకెలో ఇవేవీ కనబడవు.

ఇంకొక సూక్ష్మమున్నది. ఆ ఎనిమిది పరుగులనైనా ఒకే మొత్తంగా చూడరాదు. ఇనుప బండి పనులు రెండవ, మూడవ స్థానాలలో ఉన్నవి. తొలి కిలోమీటరులో ఉత్సాహం కొద్దీ దూసుకుపోయినవాడు బండి దగ్గర తొడలను దహించుకొని, ఆ మీదట ప్రతి కిలోమీటరులోనూ వడ్డీ కట్టుకుంటూ పోతాడు. అందుచేత మొదటి పరుగుకూ చివరి పరుగుకూ మధ్య తేడా ఎంత అన్నది చూడాలి. ఆ తేడా కొంచెమే అయితే ఆ మనిషి తన్ను తాను ఎరిగినవాడు. తేడా రెండు నిమిషాలున్నదంటే బలం ఉన్నా లెక్క లేదన్నమాట. అలసట లేని కాళ్ళతో ఎంత వేగంగా పరుగెత్తగలడన్నది ఈ పోటీలో అసలు ప్రశ్నే కాదు. అలసిన కాళ్ళతో ఎంత తక్కువగా చెడతాడన్నదే ప్రశ్న.

హైరాక్స్ నిన్నగాక మొన్న వచ్చినది. ప్రవేశ రుసుము చెల్లించి మహానగరానికి వెళ్ళి పాల్గొనే స్తోమత మన విద్యార్థులలో ఎందరికి ఉన్నదో చెప్పనక్కరలేదు. కాని ఇదే స్వభావం గల క్రీడ ఒకటి ఏనాటినుండో ఉన్నది. అందులో మన తెలుగు నేలమీద పెరిగిన ఒక అమ్మాయి ఆసియా ఖండంలోనే అగ్రస్థానం అందుకున్నది. ఆ క్రీడ హెప్టాథ్లాన్. ఆ అమ్మాయి అగసర నందిని.

హెప్టాథ్లాన్ అంటే రెండు రోజులలో ఏడు పోటీలు. మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు. రెండవ రోజు లాంగ్‌జంప్, జావెలిన్, చివరగా 800 మీటర్ల పరుగు. 1984 లాస్ ఏంజలెస్ ఒలింపిక్స్‌లో ఐదంశాల పోటీ స్థానంలో ఇది ప్రవేశించినది. సెకన్లను, మీటర్లను, సెంటీమీటర్లను ఒకే తక్కెడలో తూచడమెలా అన్న సమస్యకు వియన్నా గణితవేత్త కార్ల్ ఉల్‌బ్రిఖ్ రూపొందించిన సూత్రాలే ఆధారం. ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క సూత్రం. పరుగైతే ఒక నిర్ణీత కాలంలోనుండి క్రీడాకారిణి తీసుకున్న కాలాన్ని తీసివేస్తారు. దూకడం, విసరడం అయితే ఆమె సాధించిన దూరంలోనుండి ఒక నిర్ణీత దూరాన్ని తీసివేస్తారు. వచ్చినదానిని ఒక ఘాతానికి హెచ్చించి, మరొక సంఖ్యతో గుణిస్తారు. మన గణిత శాఖ మిత్రులు దీనిని తరగతిలో అభ్యాసంగా ఇస్తే పిల్లలకు ఘాతాంకాలమీద ప్రీతి కలుగుతుందని మా నమ్మకం.

నందిని తండ్రి టీ అమ్ముకొని కుటుంబాన్ని పోషించినవాడు. ఆమె నార్సింగిలోని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివినది. ఇది హైదరాబాదు శివారు నార్సింగి, మన రామాయంపేట దగ్గరి నార్సింగి కాదు. ఆ పిమ్మట సంగారెడ్డి గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలో చేరినది. సంగారెడ్డి 2016 వరకు మన ఉమ్మడి జిల్లాకు ముఖ్యపట్టణం గనుక, ఆమెను మన జిల్లా విద్యార్థిని అని చెప్పుకోవడానికి మాకు కొంత హక్కున్నదనే అనుకుంటున్నాము. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఆమె 5712 పాయింట్లతో కాంస్య పతకం సాధించినది. స్వర్ణం చైనాకు చెందిన ఝెంగ్ నినాలికి 6149 పాయింట్లతోను, రజతం ఉజ్బెకిస్తాన్‌కు చెందిన ఎకతెరీనా వొరొనినాకు 6056 పాయింట్లతోను దక్కినవి. నాలుగవ స్థానంలో నిలిచినది కూడా మన దేశస్థురాలే. ఆమె స్వప్నా బర్మన్, పాయింట్లు 5708.

ఈ 5712కూ ఆ 5708కీ గల తేడాను పాఠకులు ఒక్క క్షణం నిదానంగా చూడాలని కోరుతున్నాము. నాలుగు పాయింట్లు. ఏడు పోటీలు, రెండు పగళ్ళు, వేలకొలది పాయింట్లు, తుదకు నాలుగు. దీనిని సూత్రాలలో వెనుకకు నడిపి చూచినాము. ఆ స్థాయి క్రీడాకారిణులకు 800 మీటర్ల పరుగులో నాలుగు పాయింట్లంటే సెకనులో మూడవ వంతు కూడా కాదు. 200 మీటర్లలో సెకనులో నూట నాలుగు భాగాలు మాత్రమే. లాంగ్‌జంప్‌లో ఒక సెంటీమీటరు, ఆపైన చిల్లర. షాట్‌పుట్‌లో ఆరు సెంటీమీటర్లు, అంటే నాలుగు వేళ్ళ వెడల్పు కన్న తక్కువ. జావెలిన్‌లో జానెడు. హైజంప్ సంగతి వేరు. అక్కడ కర్రను మూడేసి సెంటీమీటర్ల చొప్పున పైకి జరుపుతారు గనుక, ఒక్క మెట్టు ఎక్కితే సుమారు 36 పాయింట్లు ఒక్కసారిగా వచ్చి పడతాయి, ఎక్కలేకపోతే పోతాయి. నాలుగు పాయింట్ల తేడా గల ఇద్దరిలో ఎవరైనా ఒక్క మెట్టు అదనంగా ఎక్కి ఉంటే ఫలితం తారుమారు కావడానికీ, తేడా పది రెట్లు కావడానికీ అవకాశమున్నది.

1984లో పి.టి. ఉష నూరవ వంతు సెకను తేడాతో కాంస్యాన్ని కోల్పోయిన సంగతి మన దేశంలో పలక పట్టిన పిల్లవానికి కూడా తెలుసు. ఒకే పరుగు గనుక ఆ తేడా కంటికి కనబడినది. హాంగ్‌ఝౌలోని నాలుగు పాయింట్లు కంటికి కనబడేవి కావు, లెక్కించి చూడవలసినవి. లెక్కించే అలవాటు మనకు లేదు. అందుచేత నందినికి పూలదండలు, స్వప్నకు మౌనం. నందినికి దండలు వద్దని మేమనడం లేదు. 2018 జకార్తా ఆసియా క్రీడలలో 6026 పాయింట్లతో స్వర్ణం గెలిచిన స్వప్న, ప్రతి పాదానికి ఆరేసి వ్రేళ్ళతో, సరియైన బూట్లు దొరకక, పోటీ నాడు దవడ నొప్పికి పట్టీ వేసుకొని ఏడు అంశాలూ ముగించినది. అటువంటి మనిషి అయిదేళ్ళ తరువాత నాలుగు వేళ్ళ వెడల్పు తేడాతో వెనుకబడితే దానిని వైఫల్యమనే పేరుతో పిలవడం అన్యాయమని మాత్రమే మా మనవి.

నందిని ప్రదర్శనను కూడా ముక్కలుగానే చూడాలి. హాంగ్‌ఝౌలో ఆమె 200 మీటర్లను 24.47 సెకన్లలో పరుగెత్తి 936 పాయింట్లు తెచ్చుకున్నది. ఆఖరి 800 మీటర్లను 2 నిమిషాల 15.33 సెకన్లలో ముగించి 888 తెచ్చుకున్నది. జావెలిన్‌లో 39.88 మీటర్లకు 665 వచ్చినవి. జావెలిన్ పట్టికలో ఎవరికైనా అంకెలు చిన్నవిగానే కనబడతాయి గనుక 936ను, 665ను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. అయినను ఒక మాట చెప్పవచ్చు. ఆరు అంశాలు ముగిసి, శరీరంలోని సారమంతా ఇంకిపోయిన తరువాత చివరి పరుగును ఆమె ఆ వేగంతో పరుగెత్తినదంటే ఆమె ప్రత్యేకత అక్కడే ఉన్నది. వేగమూ, దమ్మూ ఒకే దేహంలో నిలవడం అరుదు. 200 మీటర్లకు కావలసిన కండ వేరు, 800 మీటర్లకు కావలసిన ఊపిరి వేరు. ఒకదానికోసం చేసే సాధన రెండవదానిని కొంత తింటుంది. ఈ రెంటినీ పోషించుకుంటూ మిగిలిన అయిదింటిని చూసుకోవడం పెద్ద సంసారాన్ని స్వల్ప ఆదాయంతో నడిపిన ఇల్లాలి గడుసుదనం వంటిది.

2025లో దక్షిణ కొరియాలోని గుమీ నగరంలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీలలో ఆమె 5941 పాయింట్లతో స్వర్ణం గెలిచినది. రెండేళ్ళలో 229 పాయింట్ల పెరుగుదల. మన పత్రికలు చాలావరకు ఈ వార్తను మళ్ళీ టీ దుకాణంతోనే మొదలుపెట్టినవి. మేము కొంత కటువుగా మాట్లాడవలసి వచ్చినందుకు పాఠకులు మన్నించాలి. పేదరికాన్ని గురించి చెప్పడం తప్పు కాదు. ఆ తండ్రి కష్టం వందనీయమే. కాని ఒక క్రీడాకారిణిని గురించి రాసిన వ్యాసంలో ఆమె తండ్రి మరిగించిన టీ గురించి పది వాక్యాలుండి, ఆమె దూకిన ఎత్తు గురించి ఒక్క వాక్యం కూడా లేకపోతే అది గౌరవమనిపించుకోదు. జాలి అనిపించుకుంటుంది. జాలితో చదివినవాడు కన్ను తుడుచుకొని పుట తిప్పుతాడు. ఆమె ఎక్కడ ఎదిగినదో తెలిసినవాడు తన చెల్లెలికి ఏది నేర్పాలో ఆలోచిస్తాడు. ఈ రెంటిలో మన ఊళ్ళకు ఏది అవసరమో వేరే చెప్పాలా?

ఇదే క్రీడలో ఇంకొక పేరు మరువరానిది. జె.జె. శోభ కర్ణాటకలోని ధార్వాడ ప్రాంతంలో పుట్టి, సికింద్రాబాదును నివాసంగా చేసుకున్న క్రీడాకారిణి. 2004లో ఆమె సాధించిన 6211 పాయింట్లు ఇరవై ఏళ్ళు గడిచినా జాతీయ రికార్డుగానే నిలిచినవి. గుమీలో నందిని సాధించినదానికీ దీనికీ ఇంకా 270 పాయింట్ల దూరమున్నది. అదే 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో శోభకు ఆరవ అంశమైన జావెలిన్ విసరడంలో చీలమండ దెబ్బతిన్నది. ఆమెను మైదానంనుండి మోసుకొని పోవలసి వచ్చినది. మిగిలినది 800 మీటర్లు మాత్రమే. కాలికి పట్టీ కట్టించుకొని వచ్చి ఆమె ఆ పరుగులో నిలబడినది, తన పరుగులో మూడవ స్థానంలో ముగించినది. మొత్తంమీద 11వ స్థానం, 6172 పాయింట్లు.

పదకొండవ స్థానమని పట్టికలో చదివినవానికి ఇందులో ఏమీ కనబడదు. పతకం లేదు, రికార్డు లేదు. ఏడు గడులనూ విడివిడిగా చదివినవానికి మాత్రం ఏడవ గడి దగ్గర కన్ను ఆగుతుంది. గాయపడిన మనిషి ఆ అంశాన్ని వదులుకుంటే పోటీనే విడిచినట్లయ్యేది, తుది పట్టికలో స్థానమే దక్కేది కాదు. ఆమె దానిని వదలలేదు. ఆ సంవత్సరమే అర్జున పురస్కారం లభించినది గనుక ఆనాడు చూడగలిగినవారు కొందరైనా ఉన్నారని సంతోషించాలి.

ఇంతవరకు చెప్పినది దూరపు కొండల సంగతి అని కొందరు మిత్రులు అనవచ్చు. మెదక్ పట్టణంలో హెప్టాథ్లాన్ ఎవరు ఆడుతున్నారు, హైరాక్స్‌కు ఎవరు వెళుతున్నారు అని అడగవచ్చు. మేమనేదేమంటే, మన పట్టణంలో వందలాది యువకులు, యువతులు ఇటువంటి పోటీలోనే ఉన్నారు. దానికి ఆ పేరు లేదు, అంతే. పోలీసు కానిస్టేబుల్, సబ్‌ఇన్‌స్పెక్టరు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలే ఆ పోటీ. 2022 నాటి తెలంగాణ నియామకాలలో పురుషులకు 1600 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్. స్త్రీలకు 800 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్. పరుగు, దూకుడు, విసురు మూడూ కలిసినవి గనుక ఇది చిన్న హెప్టాథ్లానే. అక్కడ ఓడితే పోయేది పతకం కాదు, ఇంటిల్లిపాదీ ఎదురుచూచిన జీతం.

ఉదయం అయిదు గంటలకు మా కళాశాల మైదానంవైపు వచ్చినవారికి ఈ అభ్యర్థులు కనబడతారు. చర్చి గంట మోగే వేళకు కొందరు, ఫజ్ర్ నమాజు ముగించుకొని కొందరు వస్తారు. పరుగెత్తుతారు, చెమట కక్కుతారు, వెళ్ళిపోతారు. ఏ ఒక్కరి చేతిలోనూ కాగితముండదు. 1600 మీటర్లకు 2022లో నిర్ణయించిన కాలం 7 నిమిషాల 15 సెకన్లు. అంటే 400 మీటర్ల చుట్టుకు 108 సెకన్లు, ఆపైన కొంచెం. ఇది భయంకరమైన వేగం కాదు. నాలుగు చుట్లూ సమానంగా పరుగెత్తితే ఆరోగ్యవంతుడైన యువకుడు కొద్ది నెలల సాధనతో అందుకోగల వేగమే. అయినను తప్పుతున్నారు. ఎందుకు? మొదటి చుట్టు 80 సెకన్లలో పూర్తిచేసి, రెండవ చుట్టులో ఆయాసపడి, మూడవ చుట్టులో నడిచి, నాలుగవ చుట్టులో దేవుణ్ణి తలచుకుంటున్నారు గనుక. గుంపుగా వదిలినప్పుడు ముందున్నవాని వెంటపడడం మానవ స్వభావం. ఆ స్వభావాన్ని అదుపులో పెట్టేది చుట్టు చుట్టుకూ గడియారం చూచే అలవాటు ఒక్కటే. ఆ అలవాటును చివరి రోజున ఎవరూ అరువిచ్చేది లేదు.

యువతుల విషయం మరింత శోచనీయం. 800 మీటర్లకు వారికి ఇచ్చినది 5 నిమిషాల 20 సెకన్లు. చుట్టుకు 2 నిమిషాల 40 సెకన్లు. నందిని పరుగెత్తిన కాలానికి ఇది రెట్టింపు కంటె ఎక్కువ. పదో తరగతి తరువాత మైదానం ముఖం చూడని అమ్మాయికి ఇది కూడా కొండే. ఆమె కాళ్ళలో శక్తి లేదని కాదు, ఆమెకు సాధన చేసే చోటు, వేళ, తోడు లేవు. షాట్‌పుట్‌లో 4 కిలోల గుండును 4 మీటర్లు విసరవలసి ఉండగా, పరీక్షకు వారం ముందు వరకు ఆ గుండును చేత్తో పట్టి చూడనివారు ఎందరో. వారి ఓటమిని మొత్తంగా "ఫెయిల్" అని రాసి పంపిస్తున్నారు. పరుగులో నెగ్గి గుండులో ఓడినదా, గుండులో నెగ్గి పరుగులో ఓడినదా అన్నది ఆ అమ్మాయే ఇంట్లో సరిగా చెప్పలేకపోతున్నది. మరుసటి నియామకానికి దేనిని సరిదిద్దుకోవాలో ఆమెకెట్లా తెలుస్తుంది? పొరుగున ఉన్న నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022, 2023 సంవత్సరాలలో ప్రపంచ బాక్సింగ్ విజేత అయిన తరువాత మన ఇళ్ళలో ఆడపిల్లల ఆటలపట్ల విముఖత కొంత తగ్గినమాట నిజమే. అభిమానం పెరిగినది, మైదానం మాత్రం పెరగలేదు.

మనిషిని అంకెలలో చూడడం మంచిది కాదని, ఆటలోని ఆనందం లెక్కలలో ఆవిరైపోతుందని మా సహాధ్యాపకులలో ఒకరు అభ్యంతరం చెప్పినారు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. సాయంత్రం పిల్లలు ఆడుకునే కబడ్డీకి పట్టికలు తయారు చేయమని మేము చెప్పము. కాని అంకెలనుండి మనం ఎటూ తప్పించుకోవడం లేదు. ఇప్పుడు కూడా ఒక అంకెతోనే మనిషిని కొలుస్తున్నాము. ఆ అంకె స్థానం. ఒకటి, రెండు, మూడు, ఆపైన చీకటి. ఒక్క అంకెతో కొలవడం కంటె ఏడు అంకెలతో కొలవడం మనిషికి చేరువైన పద్ధతి కాదా? ఎక్కడ బలవంతుడో, ఎక్కడ బలహీనుడో, అలసినప్పుడు ఏమి చేసినాడో ఆ ఏడింటిలో దొరుకుతుంది.

అందుచేత మా ప్రతిపాదన ఒకటి కళాశాల యాజమాన్యం ముందూ, వ్యాయామ శాఖ ముందూ ఉంచుతున్నాము. ఈ సంచికను కుడివైపునుండి తెరిచి ఉర్దూ పుటలు చదివే మిత్రులకూ, ఎడమవైపునుండి తెరిచి ఈ పుటలు చదివే మిత్రులకూ ఇది సమానంగా వర్తిస్తుంది. మైదానంలో ఒక రిజిస్టరు పెట్టండి. కళాశాల విద్యార్థి కాకపోయినా సరే, ఉదయం సాధనకు వచ్చే ప్రతి అభ్యర్థి పేరు మీద ఒక పుట కేటాయించండి. వారానికి ఒక్కసారి, ఆదివారం ఉదయం చాలు, 1600 మీటర్ల నాలుగు చుట్లకూ నాలుగు కాలాలు విడివిడిగా రాయండి. మొత్తం రాయవద్దు, అది వారే కూడుకుంటారు. పరుగు ముగిసిన వెంటనే, విశ్రాంతి లేకుండా, లాంగ్‌జంప్ ఒకటి, షాట్‌పుట్ ఒకటి కొలిచి పక్క గడులలో వేయండి. విశ్రాంతి తీసుకొని వేసిన దూరం వేరుగా ఉండాలి. రెంటి మధ్య తేడాయే ఆ అభ్యర్థికి ఎవరూ ఇంతవరకు చెప్పని సంగతి. యువతులకు ప్రత్యేకమైన వేళ, వెంట ఒక అధ్యాపకురాలు ఉండాలి. వారి రిజిస్టరు వారి దగ్గరే ఉండవచ్చు.

దీనికి పెద్ద ఖర్చు లేదు. రెండు స్టాప్‌వాచీలు, 30 మీటర్ల టేపు ఒకటి, 7.26 కిలోల గుండు ఒకటి, 4 కిలోల గుండు ఒకటి, గీతలకు సున్నం సంచి ఒకటి. గణిత శాఖవారు ఒప్పుకుంటే గ్రాఫు కాగితాలు వారి వద్దనే ఉన్నవి. రాతపనికి మా రెండవ సంవత్సరం విద్యార్థులు ఆరుగురు ఇప్పటికే పేర్లు ఇచ్చినారు. వారిలో ముగ్గురు ఉర్దూలో రాస్తారు, ముగ్గురు తెలుగులో రాస్తారు, అంకెలు మాత్రం అందరివీ ఒకటే.